గోదావరి మొగల దగ్గర సముద్రం: ఏ నెలలో, ఏ తిథికి, ఎక్కడ

విశాఖ, భీమిలి తీరం చూసిన కళ్లతో గోదావరి జిల్లాల సముద్రానికి వచ్చేవాళ్లకు మొదట కాస్త నిరాశే. కొండ లేదు, బండ లేదు. ఉప్పాడ గట్టు మీద కనిపించే రాళ్లు కూడా కోతను ఆపడానికి లారీల్లో తెచ్చి పోసినవే. అంతర్వేది నుంచి ఓడలరేవు, ఎస్.యానాం మీదుగా భైరవపాలెం దాకా ఉన్నదంతా ఇసుక, బురద, మడ, సరుగుడు తోటలు, వాటిని చీల్చుకుంటూ వచ్చే నదీపాయలు. చూపుకు మెత్తగా ఉండే ఈ తీరం నడకకు, ఈతకు, పడవకు మాత్రం మొండిది. రాతి తీరం తరాల తరబడి ఒకే ఆకారంలో నిలబడుతుంది. ఇక్కడ ఒక్క వరదో ఒక్క తుఫానో చాలు: నిరుడు జనం నడిచిన తిప్ప ఈ ఏడు నీళ్లలో ఉంటుంది, నిరుడు పడవ తిరిగిన చోట ఇసుక తేలుతుంది.

అందువల్ల "సముద్రానికి ఎప్పుడు వెళ్తే బాగుంటుంది" అని అడిగినవాళ్లకు నెల పేరు చెప్పి ఊరుకుంటే అది సగం జవాబే. తిథి కూడా చెప్పాలి, ఏ మొగ (నదీపాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గరకు వెళ్లాలో కూడా చెప్పాలి. జనవరిలో కాకినాడ అఖాతం దగ్గర దొరికేది ఆగస్టులో దొరకదు. అదే జనవరిలో, అదే రోజున, పిట్టలతో కిటకిటలాడిన ఒడ్డు నాలుగు గంటలు తిరిగేసరికి వందల మీటర్ల వెడల్పు బురదగా మిగులుతుంది. దీని వెనకున్న లెక్క కొంచెం తెలిస్తే తీరాన్ని ఏడాది పొడవునా అనుభవించవచ్చు. తెలియకపోతే వెళ్లిన ప్రతిసారీ తప్పు వేళకే వెళ్తాం.

నది, గాలి, చంద్రుడు

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం దాటి కలుస్తుంది, వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర. ఏడాదిలో నది మోసుకొచ్చే నీళ్లలో అత్యధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే వచ్చేస్తాయి. ఆ నెలల్లో నది సముద్రాన్ని వెనక్కి నెడుతుంది. యానాం దగ్గర నీళ్లు తియ్యగా ఉంటాయి, మొగ బయట సముద్రం కిలోమీటర్ల దూరం ఎర్రమట్టి రంగులో ఉంటుంది. శీతాకాలం ముదిరాక, ముఖ్యంగా రబీకి నీళ్లన్నీ కాలువల్లోకి మళ్లాక, బ్యారేజీ గేట్లు దించేస్తే దిగువకు వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు సముద్రం పైచేయి. ఉప్పునీరు పాయల్లోకి ఎదురెక్కుతుంది, లంకల బావుల్లో నీటి రుచి మారుతుంది. పాయ ఒకటే, ఆరు నెలల తేడాలో అందులో బతికే చేపలు వేరు, నీటి రంగు వేరు, దిగితే ఎదురయ్యే ప్రమాదం వేరు.

ఇక గాలి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా అలలు దక్షిణం, నైరుతి వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డును తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు అలలు దాన్ని వెనక్కి దక్షిణానికి తెస్తాయి. రెండూ సమానం కావు, ఏడాది చివర లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లిందే ఎక్కువ. దీనికి కళ్లెదుట సాక్ష్యం హోప్ ఐలాండ్. గౌతమి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి లాక్కుపోతూ రెండు వందల ఏళ్లకు పైగా పేర్చిన పొడవాటి తిప్ప అది, ఇప్పుడు సుమారు 16 కిలోమీటర్లు ఉంటుంది. దాని చాటునే కాకినాడ అఖాతం, ఆ చాటు వల్లే అక్కడ నీరు చెరువులా ఉంటుంది. చాటు దాటి ఉన్న ఉప్పాడకు మాత్రం ఇసుక అందడం తగ్గింది, అలల తాకిడి తగ్గలేదు. కాకినాడ–ఉప్పాడ రోడ్డు మాటిమాటికీ తెగడానికి చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఎగువన కట్టిన జలాశయాల్లో మట్టి ఆగిపోయి డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గడం ఇంకొకటి.

మూడోది చంద్రుడు. సందర్శకులు అసలు పట్టించుకోనిదీ, పట్టించుకుంటే వెంటనే లాభం కనిపించేదీ ఇదే. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పోటుపాట్ల తేడా అత్యధికంగా ఉంటుంది, కాకినాడ దగ్గర సుమారు ఒకటిన్నర మీటర్లు. అష్టమి, నవమి దాటాక అందులో సగం కూడా ఉండదు. గుజరాత్ ఖంభాత్ అఖాతంలో పది మీటర్ల దాకా లేచే పోటు ముందు ఒకటిన్నర మీటరు ఏపాటి అనిపించవచ్చు. కానీ నేల ఎంత చదునుగా ఉందో చూడాలి. మూడు వందల మీటర్లకు ఒక మీటరు చొప్పున మాత్రమే వాలే బురదలో ఒకటిన్నర మీటరు నీరు తీస్తే నాలుగు వందల యాభై మీటర్ల నేల బయటపడుతుంది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. నీళ్లు ఎదురుగా మాత్రమే రావు, వెనకున్న కాలువలు ముందు నిండుతాయి. బురద మైదానంలో లోపలికి నడిచి వెళ్లినవాళ్లు చిక్కుకునేది అందుకే.

వేళ కట్టుకోవడం కష్టమేమీ కాదు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ ఉదయం 8 గంటలకు నిండు పోటు అనుకుంటే, పాటు మధ్యాహ్నం 2:10 ప్రాంతంలో, రెండో పోటు రాత్రి 8:25 ప్రాంతంలో, రేపటి ఉదయం పోటు 8:50కి. వారం తర్వాత అదే 8 గంటలకు పాటు ఉంటుంది. పక్షం తిరిగేసరికి మళ్లీ పోటు. కాబట్టి వెళ్లబోయే ఊళ్లో ఒక్క రోజు పోటు వేళ తెలిస్తే, రెండు వారాలకు ముందే ప్రయాణం కట్టుకోవచ్చు. రేవులో ఏ మత్స్యకారుణ్ని అడిగినా తిథిని బట్టి చెప్పేస్తాడు. ఒక్క జాగ్రత్త: కాకినాడ రేవు వేళ మడ అడవి లోపలి కాలువకు సరిపోదు. మెలికలు తిరిగిన కాలువలో పోటు ఆలస్యంగా అందుతుంది, పాటు కూడా ఆలస్యంగానే మొదలవుతుంది.

ఇది గాక ఏడాదికోసారి వచ్చే ఇంకో పోటు ఉంది. ఆంధ్ర తీరంలో సముద్రమట్టం మార్చి, ఏప్రిల్‌లో బాగా తగ్గి, అక్టోబరు, నవంబరులో బాగా పెరుగుతుంది. తేడా అడుగు పైచిలుకు. ఏప్రిల్ అమావాస్య పాటుకు తేలే తిప్పలు నవంబరు అమావాస్య పాటుకు తేలవు. ఈ సంగతి కింద కార్తీక స్నానాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మార్గశిరం నుంచి మాఘం దాకా

ఎవరికైనా ఒక్క కాలమే చెప్పాలంటే ఇదే. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. తుఫానుల బెడద తగ్గుతుంది, వరద బురద కిందకు దిగి నీటి రంగు తేరుకుంటుంది, ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది. పుష్య అమావాస్యకు చొల్లంగి దగ్గర స్నానాలు, మాఘ శుద్ధ దశమికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం ఈ నెలల్లోనే పడటం యాత్రికులకు కలిసొచ్చే విషయం. ఆ రెండు మూడు రోజులు మాత్రం తీరం చూడాలనుకునేవాళ్లు దూరంగా ఉండటం మంచిది, జనం తప్ప ఏదీ కనిపించదు.

పిట్టల కోసం వచ్చేవాళ్లకు కాకినాడలోని కుంభాభిషేకం బురద మైదానం చాలు. ఉత్తరాది నుంచి వలస వచ్చే ఉల్లంకులు, గ్రేట్ నాట్లు, గాడ్విట్లు, పొడవైన వంకర ముక్కు కర్ల్యూలు, అదృష్టముంటే నీటి మీద ముక్కుతో గీత గీస్తూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్లు. ఎక్కువమంది చేసే పొరపాటు, బురద బాగా తేలాక వెళ్లడం. అప్పుడు పిట్టలు మేత కోసం నీటి అంచు వెంట ఎంతో దూరం వెళ్లిపోతాయి, దుర్భిణిలో చుక్కల్లా కనిపిస్తాయి. నిండు పోటుకు వెళితే మేసే చోటు మునిగి ఎక్కడో గుంపుగా నిద్రపోతుంటాయి. నిండు పోటుకు రెండు గంటల ముందు నుంచి నీళ్లు వాటిని ఒడ్డు వైపుకు తోసుకొస్తాయి, చూడాల్సింది అప్పుడు. పోటు తిరిగాక ఇంకో గంటన్నర కూడా బాగుంటుంది. 8×42 దుర్భిణి సరిపోతుంది, అంతకన్నా ఎక్కువ పెంచితే చేతి వణుకు తప్ప లాభం లేదు.

వెలుతురు సంగతి వేరే చిక్కు. మనది తూర్పు తీరం, ఉదయం సూర్యుడు ఎదురుగా ఉంటాడు. రంగులు చూడాల్సిన పిట్ట నల్లటి నీడలా కనిపిస్తుంది. కాబట్టి సాయంత్రం మూడు, నాలుగు గంటలకు పోటు నిండే రోజు వెతుక్కోవాలి. పైన చెప్పిన 50 నిమిషాల లెక్కతో అది దొరుకుతుంది. ఆ రోజు పోటు చిన్నదైతే పిట్టలు అంత దగ్గరకు రావు. వెలుతురు కావాలా, దగ్గర కావాలా తేల్చుకోవాలి, రెండూ కలిసొచ్చే రోజులు తక్కువ.

కోరింగ మడ అడవికి లెక్క ఇంకోలా ఉంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడిచేవాళ్లు పాటుకు వెళ్లాలి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ ఊపిరివేళ్లు, ఒక్క పెద్ద డెక్కతో బెదిరించే ఎర్ర పీతలు, బురద మీద గెంతే చేపలు అప్పుడే కనిపిస్తాయి. పోటులో ఇవన్నీ నీటి అడుగున ఉంటాయి, ఆకులు తప్ప ఏమీ కనపడక "ఇంతేనా" అని తిరిగొస్తారు. పడవకు మాత్రం నీళ్లు ఎక్కుతున్న వేళ కావాలి. కారణం సులువు: ఎక్కే నీటిలో పడవ ఎక్కడైనా బురదకు తగులుకుంటే పావుగంటలో నీరే లేపుతుంది. దిగే నీటిలో తగులుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా, అంటే గంటల తరబడి, దోమల మధ్య కూర్చోవాలి. బేరం కుదుర్చుకునేటప్పుడు ఎంతసేపు తిప్పుతారని కాక, తిరిగి వచ్చేటప్పటికి నీరు ఎక్కుతుంటుందా దిగుతుంటుందా అని అడగండి. ఆ జవాబును బట్టి సరంగు అనుభవం కూడా తెలిసిపోతుంది.

మడలో రెండు జాగ్రత్తలు. తిల్ల చెట్టు ఆకో కొమ్మో విరిస్తే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే తీవ్రమైన మంట, తాత్కాలికంగా చూపు పోవడం కూడా జరగవచ్చు, చర్మం మీద పొక్కులు లేస్తాయి. ఏ చెట్టో తెలియనప్పుడు ఏదీ విరవకపోవడమే పద్ధతి. పొరపాటున పడితే రుద్దకుండా మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. రెండోది, చెప్పులు వేసుకుని బురదలో దిగకూడదు. బురద చెప్పును పట్టుకుంటుంది, కాలు బయటికొస్తుంది, కింద ఆలిచిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి. వెనక పట్టీ ఉన్న గట్టి కాన్వాసు బూట్లు మేలు. మోకాలి దాకా దిగిపోతే కాలును నేరుగా పైకి లాగకండి, కింద ఖాళీ ఏర్పడి ఇంకా బిగుస్తుంది. వెనక్కి వాలి బరువును పిరుదుల మీదకు మార్చి, పాదాన్ని అటూ ఇటూ ఆడిస్తూ నీళ్లు కిందకు దూరేలా చేసి మెల్లగా తీయాలి.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. హోప్ ఐలాండ్, సఖినేటిపల్లి వైపు తీరం, మొగల దగ్గరి తిప్పలు వీటికి ఇష్టం. ఒక్కో తాబేలు వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది, ఒకటిన్నర అడుగుల లోతు గుంటలో. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. తెల్లవారుజామున వెళితే ఇసుకలో రెండున్నర అడుగుల వెడల్పున, ట్రాక్టరు చక్రం వెళ్లినట్టు, నీటి నుంచి పైకి ఒకటి, కిందకు ఒకటి చాళ్లు కనిపిస్తాయి. అది చూసి తృప్తి పడటమే సందర్శకుల వంతు. గూడు తవ్వి చూడటం, ఫ్లాష్ కొట్టడం, టార్చి వేయడం తాబేలును గుడ్లు పెట్టకుండానే తిప్పి పంపుతాయి. పిల్లలైతే సముద్రం మీది మెరుపు అనుకుని మీ దీపం వైపు నడిచి వచ్చి కుక్కల పాలవుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి ఇది. గుడ్లు ముట్టుకున్నా నేరమే.

ఎండాకాలం: నాలుగున్నర గంటల సముద్రం

ఏప్రిల్, మే నెలల్లో ఈ తీరం పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం రెండు గంటలే మనుషులది. మే చివర్లో కాకినాడ దగ్గర సూర్యోదయం ఐదున్నర లోపే అయిపోతుంది. అయిదింటికి ఒడ్డున ఉండి ఏడున్నరకల్లా వెనక్కి తిరిగితే, ఏడాదిలో ఎప్పుడూ లేనంత స్వచ్ఛమైన నీలి నీరు చూడవచ్చు. నది మట్టి తేవడం మానేసింది కాబట్టి ఆ రంగు. సముద్రమట్టం తగ్గి ఉంటుంది కనుక అమావాస్య, పౌర్ణమి పాట్లకు మొగల దగ్గర పెద్ద పెద్ద తిప్పలు తేలతాయి. వాటి మీదకు పడవలో వెళ్లాలనుకుంటే పాటుకు గంట ముందు చేరి, నీరు తిరగ్గానే వదిలేయాలి.

రోహిణి కార్తెలో పడమటి గాలి గట్టిగా వీస్తున్న రోజు సముద్రపు గాలి మధ్యాహ్నం దాటినా లోపలికి రాలేకపోతుంది. బీచ్‌కు వెళితే చల్లగా ఉంటుందనుకుని వెళ్లినవాళ్లు వడదెబ్బ తెచ్చుకునేది ఆ రోజే. ఒడ్డున సరుగుడు కొమ్మలు ఏ వైపు ఊగుతున్నాయో చూడండి. సముద్రం వైపు ఊగుతుంటే ఇంట్లో ఉండటం నయం. అంతర్వేది, ఓడలరేవు ప్రాంతాల్లో ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలవి. అలలు తేలికైన తెల్ల ఇసుకను ఎత్తుకుపోయి వీటిని వదిలేస్తాయి. ఎండలో నల్ల ఇసుక తెల్లదానికన్నా బాగా కాలుతుంది, పిల్లల్ని వట్టికాళ్లతో వదలకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపల కోసమే వచ్చేవాళ్లు ఈ రోజుల్లో వంజరం, చందువ దొరకలేదని బాధపడి లాభం లేదు. ఎక్కువ ధరకు దొరికితే అది మంచుపెట్టెలో ఎన్నాళ్లదో అడగడం మంచిది.

ఈ కాలానికే ఒక దొంగ ప్రమాదం ఉంది. గాలి లేదు, ఆకాశం నిర్మలం, అయినా ఉన్నట్టుండి పెద్ద అలలు లేస్తాయి. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుఫాను అలలు రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. గుర్తుపట్టడానికి గడియారం చాలు. ఒడ్డున ఒకేచోట విరిగే పది అలలకు పట్టిన సమయాన్ని పదితో భాగించండి. ఐదు నుంచి ఎనిమిది సెకన్లు వస్తే అవి దగ్గరి గాలి అలలు. పద్నాలుగు సెకన్లు దాటితే దూరపు అలలు. ఎత్తు తక్కువగా కనిపించినా వీటిలో నీటి బరువు ఎక్కువ, ఒడ్డు మీదికి ఊహించినదానికన్నా దూరం ఎక్కి, అంతే బలంగా వెనక్కి లాగుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇలాంటి అలలకు ముందే హెచ్చరిక ఇస్తుంది, వెళ్లే ముందు రోజు చూసుకోండి.

వరద నెలలు

జూలై నుంచి సెప్టెంబరు దాకా మొగల దగ్గరకు వెళ్లకండి, అంతే. నది బలంగా బయటకు తోస్తుంటే నైరుతి అలలు ఎదురు వస్తాయి. ఎదురెదురు నీళ్లు కలిసిన చోట అల పొట్టిగా, నిటారుగా లేచి పడవ ముక్కు మీద విరుగుతుంది. పాటు కూడా తోడైతే మరీ ఘోరం. వేటకు వెళ్లే పడవలు కూడా మొగ దాటడానికి పోటు చివరి గంట దాకా కాచుకునేది ఇందుకే: అప్పుడు లోతు ఎక్కువ, బయటకు లాగే నీరు తక్కువ.

వరద చూడాలంటే ధవళేశ్వరం బ్యారేజీ ఉంది, యానాం గట్టు ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ప్రవాహంలో చెప్పాలంటే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో ఇది 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో అంతకన్నా చాలా ఎక్కువ. మొదటి హెచ్చరికకే లంకల దారులు, కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది కనుక పర్యటన అక్కడితో ఆపేయాలి. వరద తీశాక తీరానికి వెళితే దుంగలు, గుర్రపు డెక్క కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంటాయి. వాటి కింద పాములుంటాయి. కర్రతో తట్టకుండా చెయ్యి పెట్టొద్దు.

ఈ కాలపు భోగం పులస. సముద్రంలో విలసగా ఉన్న చేప ఎర్రనీటికి ఎదురీదుతూ గౌతమి, వశిష్ఠల్లోకి ఎక్కుతుంది. నదిలో ఈదిన చేపకే ఆ రుచి. వేల రూపాయల ధర పలుకుతుంది కాబట్టి బయటి రాష్ట్రాల విలసను పులసగా అమ్మేవాళ్లూ ఉన్నారు. పడవ దిగేటప్పుడు యానాం దగ్గర కొనడం, లేదా తెలిసినవాళ్ల ద్వారా కొనడం తప్ప వేరే భరోసా లేదు.

కార్తీకంలో సముద్రం ఎందుకు మోసం చేస్తుంది

పేరుపాలెం, అంతర్వేది, ఓడలరేవు ఒడ్డుకు ఏడాదిలో అత్యధికంగా జనం వచ్చేది కార్తీకంలో, వనభోజనాలకు, పౌర్ణమి స్నానాలకు. ఈ తీరంలో స్నానానికి బాగా ప్రమాదకరమైన రోజుల్లో అవీ ఉంటాయి. మూడు కారణాలు ఒకచోట కలుస్తాయి. సముద్రమట్టం ఏడాదిలోకెల్లా ఎత్తులో ఉంటుంది. పౌర్ణమి కాబట్టి పోటు పెద్దది. గాలి ఈశాన్యానికి తిరిగి, నైరుతి కాలంలో ఏర్పడిన ఇసుక మెట్లను తిరగదోడుతుంటుంది, నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ గుంట ఉండవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏదైనా ఉంటే నాలుగోది కూడా చేరినట్టే.

ఒడ్డుకు సమాంతరంగా నీటి అడుగున ఇసుక గట్టు ఉంటుంది, దానికీ ఒడ్డుకూ మధ్య పల్లం. అలలు గట్టు దాటి తెచ్చిన నీరు పల్లంలో పేరుకుని, గట్టు తెగిన చోటు నుంచి ఒక్కసారిగా సముద్రంలోకి పరుగెడుతుంది. పైనుంచి చూస్తే అక్కడ అలలు విరగవు, నీరు కాస్త ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తుంది. నురుగు ఉన్నచోట భయపడి పిల్లలతో ఆ నిమ్మళమైన చోట దిగుతారు. అసలు లాగేది అదే. దిగేముందు ఎత్తైన చోట నిలబడి ఐదు నిమిషాలు చూసి, అలలు వరుసగా విరుగుతున్న చోటు ఎంచుకోవాలి, మోకాళ్లు దాటి వెళ్లకూడదు. నది మొగకు అర కిలోమీటరు లోపు అసలు దిగకూడదు. అంతర్వేదిలో సంగమం దగ్గరి అన్నాచెల్లెళ్ల గట్టు చూడటానికే గాని ఈతకు కాదు. లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఈదకండి, ఎంత బలమున్నా ఓడిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తండి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా ముప్పై, నలభై మీటర్లు పక్కకు జరగండి. లాగే పాయ వెడల్పు సాధారణంగా అంతే, అది దాటగానే అలలే ఒడ్డుకు తోస్తాయి. రక్షించడానికి దూకినవాళ్లు మునిగిపోవడం తరచూ జరుగుతుంది. మనిషికి బదులు ఖాళీ డబ్బానో తాడో విసరాలి. బురద కలిసిన లోతులేని నీళ్లలో పాదం ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే టేకు చేప ముందే తప్పుకుంటుంది, తొక్కితేనే తోకముల్లు దిగుతుంది.

ఇదే కాలంలో, తూర్పు గాలి తిరిగాక, కొద్దిరోజుల పాటు గౌతమి మొగ దగ్గర చీరమేను వస్తుంది. చీరలతో వడకట్టి పట్టే ఆ సన్నటి చేపపిల్లలను యానాంలో కొలతల లెక్కన అమ్ముతారు. స్నానం చేయకుండా తీరానికి వెళ్లడానికి అది చాలినంత సాకు.

తుఫాను వార్త వచ్చినప్పుడు మొదట చూడాల్సింది అది తీరం దాటే చోటు మనకు ఎటు ఉందన్నది. ఇక్కడ తుఫాను గాలి గడియారానికి ఎదురుదిశలో తిరుగుతుంది కాబట్టి దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి, దక్షిణాన నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. నరసాపురం దగ్గర దాటుతుందంటే ఉప్పెన భయం కోనసీమకు, కాకినాడకు. లోతు తక్కువైన కాకినాడ అఖాతంలో నీరు పేరుకుంటే ఏమవుతుందో 1789లోనూ 1839 నవంబరులోనూ కోరంగి చూసింది. గొప్ప ఓడరేవు మళ్లీ కోలుకోలేదు. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఇంకా జ్ఞాపకమే. "సముద్రం వెనక్కి పోయిందట, చూసొద్దాం" అని వెళ్లేవాళ్లకు తెలియాల్సింది, తుఫాను దాటాక గాలి దిశ మారి అదే నీరు తిరిగి రావచ్చు. ఉప్పాడ బీచ్ రోడ్డు అయితే అల్పపీడనం, అమావాస్య పోటు కలిసిన రోజున కూడా వద్దు. రాళ్ల మీద కొట్టిన అల కారు మీద పడుతుంది, అదే అల విసిరే రాళ్లు కూడా.

తుఫాను వెళ్లాక పది, పదిహేను రోజులు ఆగి వెళ్లాలి. ఫోన్‌లోని మ్యాపు చూపించే తీరపు గీతను నమ్మవద్దు, అది పాత ఫొటో. వేళ్లు బయటపడిన సరుగుడు, కొబ్బరి చెట్ల కింద కూర్చోవద్దు. నిటారుగా తెగిన ఇసుక గట్టు అంచున నిలబడవద్దు, కింద అల తొలిచిన ఖాళీ పైకి కనిపించదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటుదామనుకుంటే ముందు రేవులో కనుక్కోండి. వరదకు, గాలికి పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే.